‘పంపు’ అనడానికి ఎంత పని

పంపు, పంతం, పంట, పంచె, పంకా. ఈ ఐదు మాటల్నీ సున్న దగ్గర క్షణం ఆగుతూ నిదానంగా పలికి చూడండి. రాతలో ఐదింటా ఉన్నది ఒకే సున్న. నోట్లో మాత్రం దానికి ఐదు చోట్లు. పంపులో పెదవులు మూసుకుంటాయి. పంతంలో నాలుక కొస పైపళ్ల వెనక ఆనుతుంది. పంటలో అదే కొస వెనక్కి వంగి అంగిలిని తాకుతుంది. పంచెలో కొసకు వెనకున్న వెడల్పు భాగం లేచి గట్టి అంగిలికి అంటుకుంటుంది. పంకాకి నాలుక వెనకభాగం లేచి మెత్తని అంగిలిని అడ్డుకుంటుంది. రాబోయే హల్లు ఏదో నాలుకకు ముందే తెలుసు. సున్న పలికేటప్పటికే అక్కడ కాచుకుని ఉంటుంది.

క, చ, ట, త, ప అని వల్లెవేసిన వరుస గొంతు వైపు నుంచి పెదవుల దాకా సాగే ఈ దారేనని చిన్నప్పుడు నాకు తట్టలేదు. చ ఒక్కటే కొంచెం తిరుగుబోతు: చీరలో అంగిలి మీద ఉంటుంది, చాపకు వచ్చేసరికి పళ్ల దగ్గరికి జారుతుంది.

చోటు కుదిరాక ఇంకో రెండు పనులుంటాయి. మొదటిది గొంతులో. స్వరతంత్రులు అదిరితే బ, అదరకపోతే ప. కంఠం మీద వేలు పెట్టి ‘స్‌స్‌స్’ అని, వెంటనే ‘మ్‌మ్‌మ్’ అనండి, తేడా వేలికే తెలుస్తుంది. రెండోది కొండనాలుక వేలాడే మెత్తని అంగిలిది. అది ముక్కుదారికి తలుపు. పెదవులు మూసి, గొంతు మోగిస్తూ ఆ తలుపు వేసి ఉంచితే బ, దించితే మ. జలుబుతో ముక్కు పూర్తిగా బిగిసినవాడు ‘మామ’ అంటే ‘బాబ’ అన్నట్టు వినిపించేది ఇందుకే.

ఇప్పుడు పంపును మళ్లీ పలకండి. పెదవులు మూతబడి, విడగానే గొంతు మోగుతుంది. మళ్లీ మూసుకుంటాయి. ముక్కుతలుపు దిగి ఉంది, మోత సాగుతోంది, అది సున్న. పెదవులు కదలవు. వాటి వెనకే తలుపు పైకి లేచి ముక్కుదారి మూసేస్తుంది, గొంతులో మోత ఆగుతుంది. ఊపిరి నోట్లో బిగబడుతుంది. అప్పుడు పెదవులు తెరుచుకుంటే ‘పు’. అద్దంలో చూసుకుంటే ఇందులో ఏదీ కనిపించదు, రెండోసారి పెదవులు ఊరికే ఒకసారి కలిసి విడిపోయినట్టుంటుంది.