అతుకుపని

నర్సాపురం లేసు చేతికి రాగానే అందరం ముందు పువ్వునే చూస్తాం. దారం ఎంత సన్నం, రేకులెన్ని, తెలుపు ఎలా ఉంది అని. ఒక చిన్న లెక్క వేద్దాం. వరసకి పది చొప్పున పది వరసలు, మొత్తం వంద పువ్వులతో ఒక టేబుల్ క్లాత్ తయారైందనుకోండి. పువ్వుకీ పువ్వుకీ కలిసే చోట్లు అందులో 180 ఉంటాయి. వరసకి ఇరవై చొప్పున నాలుగు వందల పువ్వుల దుప్పటి అయితే 760. పువ్వుల కంటే అతుకులే ఎక్కువన్నమాట. వందలో ఒక పువ్వు కాస్త వంకరగా వస్తే ఎవరి కంటా పడదు. ఒక అతుకు బిగుసుకుపోయిందా, ఆ చోట దుప్పటి ముడుచుకుపోతుంది. వదులైతే నాలుగు ఉతుకుల్లో ఊడి వస్తుంది.

ఈ పనికి అక్కడ విడిగా ఒక పేరుంది: అతుకుపని. దానికి విడిగా మనుషులూ ఉన్నారు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో నర్సాపురం పరిసర గ్రామాల్లో లేసు పనివాళ్ల జీవితాన్ని పరిశీలించి, 1982లో ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకం తెచ్చారు. ఎగుమతి వ్యాపారి దారం ఇస్తాడు, ఏజెంట్లు దాన్ని ఊళ్లలో ఇంటింటికీ పంచుతారు, ఒకరు అల్లిన ముక్కలు మరొకరి దగ్గరికి వెళ్లి ఒక వస్తువుగా అతుక్కుంటాయి. పని ఇలా ముక్కలు ముక్కలుగా చేతులు మారుతుందని ఆమె రాశారు. వశిష్ఠ గోదావరి ఒడ్డున ఈ అల్లిక మొదలై ఏళ్లూ పూళ్లూ అయింది. 1844 ప్రాంతంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్లకు నేర్పారని చెబుతారు. పువ్వు నేర్పినవాళ్ల పేరైనా మిగిలింది. వేల దుప్పట్లు అతికినవాళ్ల పేరు ఒక్కటీ ఎక్కడా లేదు.

అతుకుపని చేసే ఆమె ముందుగా చేయాల్సింది అతకడం కాదు, ఏరడం. ఒకే నమూనా, ఒకే దారం, ఒకే నంబరు సూది ఇచ్చినా పది చేతుల్లో పది కొలతలొస్తాయి. ఒకరిది బిగువు చెయ్యి, ఇంకొకరిది వదులు చెయ్యి. ఒకే మనిషి పొద్దున స్థిమితంగా అల్లినదానికీ, ఇంటిపనులన్నీ తెమిలాక రాత్రి నిద్రమత్తులో అల్లినదానికీ కూడా తేడా ఉంటుంది. పువ్వుకి ఒక్క మిల్లీమీటరే కదా అనుకుంటాం. ఇరవై పువ్వుల వరసలో అది రెండు సెంటీమీటర్లు. అలాంటి రెండు వరసలు పక్కపక్కన పడితే ఏ ఇస్త్రీపెట్టే వాటిని సరిచేయలేదు. అందుకని పువ్వుల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి చూసి, పెద్దవీ చిన్నవీ వేరుచేసి, ప్రతి వరసలోకీ రెండూ సమంగా వచ్చేలా పరుచుకోవాలి. మరీ తేడాగా ఉన్నవి పక్కన పెట్టేయాలి. ఇది ఏ నమూనా పుస్తకంలోనూ ఉండదు.

ఇక అతుకు సంగతి. పువ్వు చివరి వరసలో, రేకు కొసన చిన్న ఉంగరం వస్తుంది. దాన్ని పికో అంటారు. చీర అంచుకి మిషన్ మీద కొట్టించే పికో కాదు. ఐదు గొలుసులు వేసి, మొదలుపెట్టిన చోటే మూసేసిన బుల్లి ఉంగరం. పన్నెండు రేకుల పువ్వుకి పన్నెండు పికోలు. మొదటి పువ్వు పూర్తిగా ముగించేయొచ్చు. రెండో పువ్వు చివరి వరస అల్లుతూ, కలవాల్సిన రేకు దగ్గరికి రాగానే రెండు గొలుసులే వేసి ఆగాలి. కొక్కెం సూదిని లూపులోంచి తీసేసి, పక్క పువ్వు పికోలోకి పైనుంచి దించి, వదిలేసిన లూపుని పట్టి పైకి లాగాలి. ఆ తర్వాత మిగతా రెండు గొలుసులు వేసి పికో ముయ్యాలి. ఐదింటిలో మధ్య గొలుసు ఉండాల్సిన చోట ఇప్పుడు పక్క పువ్వు ఉంటుంది. అతుకంటూ విడిగా కనిపించదు, అల్లికలోనే కలిసిపోతుంది.

సూది తీయకుండా నేరుగా పక్క పికోలోకి పెట్టి, దారం లాగి స్లిప్ కుట్టు వేసినా పువ్వులు కలుస్తాయి. త్వరగా అవుతుంది కూడా. కాని అక్కడ చిన్న గడ్డ నిలుస్తుంది, వెనకవైపు తెలిసిపోతుంది. సూది తీసి పెట్టడానికి అతుక్కి రెండు సెకన్లు ఎక్కువ పట్టిందనుకున్నా, 180 అతుకులకి ఆరు నిమిషాలు. రోజుల తరబడి అల్లినదాన్ని ఆరు నిమిషాల కోసం పాడుచేసుకోవడం నాకు నచ్చదు.

పన్నెండు అన్న అంకె ఊరికే రాలేదు. నాలుగు వైపులా నాలుగు పువ్వులు కలవాలంటే వైపుకి రెండేసి పికోలు, మొత్తం ఎనిమిది ఖర్చవుతాయి. నాలుగు మిగులుతాయి. నాలుగు పువ్వులు కూడిన చోట మధ్యలో ఒక ఖాళీ వస్తుంది కదా, అందులోకి ఒక్కో పువ్వు నుంచి ఒక్కో మిగులు పికో తొంగిచూస్తుంది. చిన్న గుండ్రటి చుక్క ఒకటి అల్లి, దానికి నాలుగు చేతులు తీసి ఆ నాలుగు పికోలనీ పట్టుకుంటే ఖాళీ నిండుతుంది, బట్టకి పట్టూ వస్తుంది. అలా కాకుండా ఒక పువ్వు చుట్టూ ఆరు పువ్వులు పేరిస్తే, రెండేసి చొప్పున పన్నెండూ సరిపోతాయి. మూడు పువ్వుల మధ్య మిగిలే సందు చాలా చిన్నది, దాన్ని నింపక్కర్లేదు. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు, వాటి చుట్టూ పన్నెండు: పంతొమ్మిది పువ్వులకి 42 అతుకులు. పది రేకుల పువ్వుని తెచ్చి నాలుగు వైపులా సమంగా అతకమంటే ఎంత నేర్పరికైనా కుదరదు. ఎలా అతకాలో తేల్చుకున్నాకే రేకులెన్నో నిర్ణయించుకోవాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. వీడియోలు కూడా పువ్వు వరకూ శ్రద్ధగా చూపించి, తర్వాత కలుపుకోండి అని చల్లగా ముగించేస్తాయి.

ఊలుతో చదరపు ముక్కలు అల్లి దుప్పటి చేసేవాళ్లకి పద్ధతి వేరు. అక్కడ ముక్కలన్నీ ముగిశాకే కలుపుతారు. సింగిల్ క్రోషేతో కలిపితే పైకి గట్టులా గీత వస్తుంది. దాన్ని దాచాలనుకోకుండా వేరే రంగు ఊలుతో వేస్తే అదే అందం. గీత పడకూడదంటే రెండు ముక్కల వెనక లూపుల్ని మాత్రమే పట్టుకుని మొద్దు మొన సూదితో కుట్టుకుంటూ పోవాలి. మొన వాడిగా ఉంటే అది దారం పురులను చీలుస్తుంది, కుట్టు గరుకు తేలుతుంది. అడ్డ గీతలన్నీ ముందు ముగించి, ఆ తర్వాతే నిలువు గీతలు మొదలుపెట్టాలి. ఒక్కో ముక్కనీ చుట్టూ కుట్టుకుంటూ పోతే నాలుగు మూలలు కలిసే చోట కన్నం పడుతుంది. ఒకవైపు 24 కుట్లు, ఎదుటివైపు 25 ఉంటే లాగి సర్దేయొద్దు. సగానికీ పావులకీ పిన్నులు గుచ్చి, తేడాని పొడవునా పంచేయాలి.

ముక్కల్ని ఇలా విడివిడిగా చేసి కలిపే పద్ధతిని ఐర్లండ్ ఇంకో మెట్టు ఎక్కించింది. 1845లో బంగాళాదుంప పంట కుళ్లి కరువు మొదలైనప్పుడు ఎన్నో ఇళ్లను క్రోషే లేసు ఆదుకుంది. క్లోన్స్ అనే ఊళ్లో చర్చి రెక్టర్ భార్య కసాండ్రా హ్యాండ్ 1847లో అక్కడి ఆడవాళ్లకి ఈ పని నేర్పించారు. గులాబీ, ఆకు, మూడాకుల షామ్‌రాక్, ఇలా ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో నమూనాలో చెయ్యి తిప్పుకున్నారు. ఆ ముక్కల్ని గుడ్డ మీద గీసిన నమూనాపై బోర్లించి కచ్చా కుట్లు వేసేవారు. వాటి మధ్య ఖాళీలో గొలుసులతో వల అల్లేవారు. ఆ వలలో అక్కడక్కడా క్లోన్స్ ముడి అనే ఉబ్బెత్తు ముడి వేసేవారు. అంతా అయ్యాక కచ్చా కుట్లు కోసేస్తే గుడ్డ విడిపోయి లేసు చేతికొస్తుంది. నర్సాపురంలో పువ్వు పువ్వుని నేరుగా పట్టుకుంటుంది. క్లోన్స్‌లో పువ్వుల మధ్య వల పట్టుకుంటుంది. పువ్వుల ఆకారం, కొలత ఎలా ఉన్నా ఐరిష్ పద్ధతిలో ఇమిడిపోతాయి. కాని ఖాళీని చూసి అప్పటికప్పుడు వల అల్లేవాళ్ల చేతిలోనే పనితనమంతా ఉంటుంది.

రెండు సూదుల ఊలు అల్లిక, అంటే స్వెట్టర్లు, మనవైపు చంటిపిల్లలకి తప్ప పెద్దగా అల్లం. అయినా ఒక్క కుట్టు గురించి చెప్పాలి. స్వెట్టర్ ముందుభాగం, వెనకభాగం పక్కల దగ్గర కలపడానికి వేసే మ్యాట్రెస్ కుట్టు. రెండు ముక్కల్నీ మంచివైపు పైకి పెట్టి పక్కపక్కన పరుస్తారు. అంచు కన్నుకీ దాని పక్క కన్నుకీ మధ్య ఒక్కో వరసలో ఒక్కో అడ్డదారం ఉంటుంది. ఇటు ఒక అడ్డదారం కిందనుంచి సూది పోనిచ్చి, అటు దానికెదురుగా ఉన్న అడ్డదారం కిందనుంచి తీయాలి. పది వరసలు అలా వదులుగా పోనిచ్చి కొస లాగితే, జిప్పు వేసినట్టు రెండంచులూ దగ్గరికొచ్చి లోపలికి మడతపడతాయి. బయటికి గీత ఆనవాలుండదు. చెయ్యి భాగాన్ని చంక దగ్గర కలిపేటప్పుడు మాత్రం ఒకవైపు కన్నులు, ఎదురుగా వరసలు వస్తాయి. కన్ను వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. కాబట్టి దాదాపు నాలుగు వరసలకి మూడు కన్నులు లెక్క చూసుకోవాలి. సమానంగా కలిపేస్తే చెయ్యి మొదట్లో బుడగలొస్తాయి.

అతుకు కనిపించకపోవడమే గొప్ప అనుకోనక్కర్లేదు. సాక్స్‌లో కాలివేళ్ల దగ్గర గీత లేకుండా కలిపే కిచెనర్ కుట్టు ఉంది, అక్కడ అది కావాలి కూడా, లేకపోతే బూటులో ఒరుసుకుంటుంది. అదే కుట్టు బరువైన స్వెట్టర్ భుజాల మీద వేస్తే, పట్టే గీత లేక భుజం జారి సాగుతుంది. చంటిపిల్ల టోపీకి చదునైన కుట్టు, పెద్దవాళ్ల భుజానికి గట్టి కుట్టు. వస్తువు ఎక్కడ బరువు మోస్తుందో, ఎక్కడ ఒంటికి తగులుతుందో చూసుకోవాలి.

ఏ అల్లికైనా చివర్లో దారం కొసలు మిగులుతాయి. వాటిని ముడేసి మొదలంటా కత్తిరించడం అందరికీ అలవాటు. మెర్సరైజ్డ్ నూలు నునుపు వల్ల ముడి జారుతుంది, ఊలులో ముడి గుచ్చుకుంటుంది. జానెడు కొస వదిలి, సూదితో అల్లికలోంచే ఒకవైపు కొంత దూరం, మళ్లీ ఎదురు దిశలో కొంత దూరం పోనిచ్చి కత్తిరిస్తే ఉతికినా బయటికి రాదు. వంద పువ్వులకి మొదలూ చివరా కలిపి రెండు వందల కొసలు. ఇంత విసుగు పని లేసులో ఇంకోటి లేదు. చేతగాని పని ముందు బయటపడేదీ ఇక్కడే.

ఇంత పనికీ దక్కేదెంత? లేసు పనివాళ్లు ఇంటిపనికి తోడు రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లేవాళ్లనీ, అయినా వాళ్లని తీరిక వేళల్లో సరదాగా అల్లుకునే గృహిణులుగానే లెక్కవేసేవారనీ, కూలి కనీస వేతనానికి చాలా దిగువన ఉండేదనీ మీస్ చెప్పిన మాటలు ఇవాళ చదివినా చురుక్కుమంటాయి. 2024లో నర్సాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. అయితే ఆ గుర్తింపు సరుకు ఏ ప్రాంతానిదో చెబుతుంది, ఎవరి చేతిదో చెప్పదు. అల్లినవాళ్లకి ఇంత, అతికినవాళ్లకి ఇంత అని విడిగా రాసే చీటీ ఒకటి ప్రతి సరుకుతో రావాలని నా కోరిక.

అది వచ్చేదాకా కొనేవాళ్లు చేయగలిగింది ఒకటుంది. లేసు కొనేటప్పుడు బేరం మొదలుపెట్టేముందు దాన్ని తిరగేసి చూడండి. నాలుగు పువ్వులు కలిసే చోట వేలితో తడమండి. గడ్డ తగలకుండా, కొస వేలాడకుండా, ముడత లేకుండా ఉంటే అడిగిన ధర ఇచ్చేయండి.