ద్వారం వెంకటస్వామినాయుడు స్మృతి: నివాళి రచనల్లో నాదం స్థానం

వ్యాససంగ్రహం:

కర్ణాటక సంగీతంలో వాయులీన విద్వాంసుడిగా అఖండ ఖ్యాతి పొందిన ద్వారం వెంకటస్వామినాయుడును (1893–1964) తెలుగులో స్మరించుకొనే తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నివాళి రచనలు ఆయన జీవితాన్ని భద్రపరచినంతగా ఆయన నాదాన్ని భద్రపరచలేదన్నది ఇక్కడి ప్రతిపాదన. శోకం, స్మృతి అనే భావాలను అలంకారశాస్త్రం నిర్వచించిన తీరు, తెలుగు స్మృతికవిత్వ సంప్రదాయం, కచేరీలో వాయులీనం నిర్వహించే పాత్ర అనే మూడింటి ఆధారంగా ఈ లోపానికి కారణాలను వివరించి, కళాకారుల స్మృతిరచనకు ఒక ప్రమాణాన్ని సూచించడం వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ద్వారం వెంకటస్వామినాయుడు, వాయులీనం, నివాళి, స్మృతి, కరుణరసం, పక్కవాద్యం, నాదం.

1. ఉపోద్ఘాతం:

ద్వారం వెంకటస్వామినాయుడు 1964 నవంబరు 25న కన్నుమూశారు. ఆ ఏడాది ఇరవయ్యేళ్ల వయస్సులో ఆయన కచేరీ విన్న శ్రోత నేడు జీవించి ఉంటే ఎనభై దాటి ఉంటారు. ఎదురుగా కూర్చొని విన్నవారి జ్ఞాపకం క్రమంగా కనుమరుగవుతున్నది. ఇకమీదట ఆయనను తెలుసుకోగోరే వారికి మిగిలేవి రెండే: గ్రామఫోను రికార్డులు, ఆయనను గురించి రాసిన మాటలు. రికార్డులు ఉన్నంతమేరకు ఉన్నాయి. వాటిని ఇకపై పెంచలేం. మాటల విషయంలో మాత్రం మన బాధ్యత ఇంకా మిగిలి ఉంది. అందుచేత ఆ మాటలు ఏమి చెబుతున్నాయి, ఏమి విడిచిపెడుతున్నాయి అన్న విచారణ అవసరమవుతున్నది.

2. జీవితరేఖ:

నాయుడుగారు 1893 నవంబరు 8న, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించారు. బాల్యం నుంచి విశాఖపట్నం ప్రాంతంలో పెరిగారు. తొలిగురువు అన్నగారైన వెంకటకృష్ణయ్య. చిన్నతనం నుంచే చూపు మందగించింది. 1919లో విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షుడిగా సంగీత కళాశాల ప్రారంభమైనప్పుడు, తన ఇరవయ్యారవ ఏట వాయులీన ఆచార్యుడిగా చేరారు. 1936లో అక్కడే అధ్యక్షులయ్యారు. 1938లో వేలూరులో తొలి సోలో కచేరీ చేశారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ నుంచి సంగీత కళానిధి బిరుదును, 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారాన్ని, 1957లో పద్మశ్రీని అందుకొన్నారు. శతజయంతి సందర్భంగా 1993లో భారత తపాలాశాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది.

ఈ వివరాలు ఏ నివాళి వ్యాసంలోనైనా దొరుకుతాయి. వీటిని ఇక్కడ పొందుపరచడంలో ఉద్దేశం వేరు. పై పేరాను మొత్తం చదివినా ఆయన ఫిడేలు ఎలా పలికేదో పాఠకుడికి తెలియదు. ఈ వ్యాసం చర్చించే సమస్య అదే.

3. నివాళి రచనల స్వరూపం:

ఆయనపై వచ్చిన స్మృతివ్యాసాలు, వేదికల మీది సంస్మరణ ప్రసంగాలు సాధారణంగా మూడు కథల చుట్టూ తిరుగుతాయి.

మొదటిది చూపు కథ. దృష్టిమాంద్యం ఉన్న బాలుడు శ్రవణాన్నే దృష్టిగా చేసుకొని పైకి వచ్చాడన్నది దీని సారం. ఇది వినేవారి హృదయాన్ని ఆర్ద్రం చేస్తుంది. కానీ కళను లోపానికి పరిహారంగా చూపుతుంది. చూపు చక్కగా ఉన్న విద్వాంసులకూ, చూపు లేని విద్వాంసులకూ సాధన ఒకటే. ఆ సాధన స్వరూపం ఏమిటన్నది ఈ కథ చెప్పదు.

రెండవది కొలువు కథ. విద్యార్థిగా చేరడానికి వచ్చిన యువకుడి వాదనం విని, ఇతడు నేర్చుకోవలసినవాడు కాడు, నేర్పవలసినవాడు అని ఆచార్యపదవి ఇచ్చారన్నది ప్రసిద్ధమైన ఐతిహ్యం. ఇందులో ప్రతిభకు గుర్తింపు దొరికిన సంతోషం ఉంది. అయితే ఆనాడు ఆయన ఏ రాగం వాయించారు, విన్నవారిని కదిలించిన గుణం ఏది అన్న ప్రశ్నలు ఈ కథలో తలెత్తవు.

మూడవది ప్రశంస కథ. ప్రపంచప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనుహిన్ ఆయన వాదనం విని అబ్బురపడిన ఘట్టం ఇది. దీన్ని చెప్పుకోవడంలో తప్పులేదు. కానీ మెనుహిన్ మెచ్చిన దాన్ని మనం ఎందుకు మెచ్చుకొంటున్నామో చెప్పకుండా కథను ముగిస్తే, మన శ్రోతృత్వాన్ని మరొకరి చెవులకు అప్పగించినట్లవుతుంది.

ఈ మూడు కథల్లోనూ నాయుడుగారు ఉన్నారు. ఆయన ఫిడేలు మాత్రం ప్రతిసారీ కథ మొదలయ్యేటప్పటికి వాయించడం ముగిస్తుంది. ఆ తరువాత మనకు వినిపించేది చప్పట్లే.

4. శోకం, స్మృతి – అలంకారశాస్త్ర దృష్టి:

కరుణరసానికి శోకం స్థాయిభావం. స్మృతి ముప్పైమూడు వ్యభిచారిభావాల్లో ఒకటి. వ్యభిచారి అంటే స్థాయిని పోషించి మరలిపోయేది. దానికి ఆలంబనం కావాలి, ఉద్దీపనం కావాలి. పోయినవారికి సంబంధించిన వస్తువో, చోటో, మాటతీరో ఎదుట నిలిస్తే తప్ప స్మృతి కదలదు.

రసాన్ని గానీ స్థాయిని గానీ దాని పేరుతోనే చెప్పడాన్ని ఆలంకారికులు స్వశబ్దవాచ్యతా దోషంగా పరిగణించారు. దుఃఖం అన్న మాట వల్ల దుఃఖం పుట్టదన్నది వారి భావం. నివాళి రచనల్లో విరివిగా కనిపించే ‘తీరని లోటు’, ‘సంగీతలోకం శోకసముద్రంలో మునిగింది’, ‘నాదం మూగబోయింది’ వంటి పదబంధాలను ఈ దృష్టితో చూడాలి. ఇవి శోకాన్ని ప్రకటిస్తాయి, దానికి విభావాన్ని కల్పించవు. పేరు మార్చి ఏ విద్వాంసుడికైనా వీటిని వాడవచ్చు. ఎవరికైనా సరిపోయే నివాళి ఏ ఒక్కరికీ చెందదు.

తెలుగు స్మృతికవిత్వంలో ఈ దోషాన్ని దాటిన రచనలు ఉన్నాయి. విశ్వనాథ సత్యనారాయణ ‘వరలక్ష్మీ త్రిశతి’కి భార్యావియోగం వస్తువు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ ముందు నిలిపిన కొంపెల్ల జనార్దనరావు స్మృతిగీతంలో కవి చనిపోయిన మిత్రుణ్ణి నేరుగా సంబోధిస్తాడు. వాటిలో శోకం విడివిడి జ్ఞాపకాల మీద నిలబడుతుంది. అయితే అక్కడ కవులకు ఒక సౌలభ్యం ఉంది. జనార్దనరావు సాహిత్యజీవి. ఆయనను స్మరించడానికి కవి వాడిన మాధ్యమం, ఆయన బతికిన మాధ్యమం ఒకటే. వాద్యకారుడి విషయంలో ఆ సౌలభ్యం లేదు. మాటలు లేని కళను మాటల్లో స్మరించాలి. అందువల్ల రచయిత తేలికగా మాటలకు లొంగే జీవితఘట్టాల వైపు మొగ్గుతాడు. నివాళి రచనలో నాదం లోపించడానికి ప్రధాన కారణం ఇది.

5. వాయులీనం – స్మరణధర్మం:

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు మొదలైనవారి కృషితో పాశ్చాత్య వయొలిన్ కర్ణాటక సంగీతంలో ప్రవేశించింది. మన విద్వాంసులు నేలపై కూర్చొని, వాద్యం కొనను పాదం మీద ఆనించి, తంత్రులను షడ్జ పంచమాలకు శ్రుతి చేసి, దానిని గాత్రానికి తోడుగా మలిచారు. తెలుగువారు జనవ్యవహారంలో ఫిడేలు అన్నారు. పండితవ్యవహారంలో వాయులీనం అన్నారు. విదేశీపదం ధ్వనిని అనుకరిస్తూనే, గాలిలో లీనమయ్యేది అన్న అర్థాన్ని కూడా ఈ పదం కలుపుకొన్నది.

పక్కవాద్యంగా వాయులీనం చేసే పని స్మరణే. గాయకుడు ఆలాపనలో ఒక సంచారం పాడుతుండగా వాయులీనం క్షణమాత్రం వెనుకగా అనుసరిస్తుంది. గాయకుడు ఆగినప్పుడు, ఆగిపోయిన ఆ పలుకు చివరను అందుకొని కాసేపు నిలుపుతుంది. ఆలాపన ముగిశాక తన వంతుగా అదే రాగాన్ని మరొక దారిలో చూపుతుంది. ఉన్నది ఉన్నట్లు తిరిగి పలికితే అనుకరణ అనిపించుకొంటుంది. విన్నదాన్ని తనదిగా చేసుకొని పలికితేనే విద్వత్తు అవుతుంది.

కృతివాదనంలో మరొక విశేషం ఉంది. త్యాగరాజ కృతిని వాయులీనం మీద వింటున్న తెలుగు శ్రోత తనకు తెలియకుండానే సాహిత్యాన్ని మనసులో పలుకుతూ ఉంటాడు. వాద్యం స్వరాన్ని ఇస్తుంది, శ్రోత జ్ఞాపకం అక్షరాన్ని ఇస్తుంది. కమాను దిశ మారే చోటు పదం మధ్యలో పడి, ఆ మార్పు బయటకు వినిపిస్తే సాహిత్యం తెలిసిన చెవి ఇబ్బంది పడుతుంది. పదం విరిగే చోట మారితే ఊపిరి తీసుకొన్నట్లు సహజంగా ఉంటుంది. వీణమీద మీటిన నాదం తనంత తానే క్షీణిస్తుంది. వాయులీనం మీద కమాను కదులుతున్నంతసేపు నాదం నిలుస్తుంది. కనుక ఎక్కడ నిలపాలి, ఎక్కడ విడవాలి అన్న నిర్ణయం పూర్తిగా కుడిచేతిది.

నాయుడుగారి ప్రతిష్ఠకు మూలం ఈ కుడిచేయి. కమానును తగినంత పొడవుగా లాగి నాదాన్ని నిండుగా నిలపడం, బలాన్నీ మార్దవాన్నీ ఒకే సంచారంలో పొదగడం, గాత్రధర్మాన్ని వదలకుండానే వాద్యానికి సహజమైన గాంభీర్యాన్ని చూపడం ఆయన వాదనంలో విద్వాంసులు గుర్తించిన గుణాలు. రికార్డుల్లో నేటికీ వినిపించేవి ఇవే. గాయకుణ్ణి అనుసరించే వాద్యం ఒంటరిగా వేదికపై నిలబడగలగడానికి ఈ నాదపుష్టి కారణమని చెప్పవచ్చు. సోలో కచేరీలో అనుసరించడానికి ఎదురుగా గొంతు ఉండదు. విన్న గాత్రమంతా వాద్యకారుడి లోపల ఉండాలి. ఆయన నివాళిలో మొదట చెప్పవలసిన మాట ఇది.

6. ఒక కవితాశీర్షిక:

విజయనగరం వాడైన శ్రీరంగం నారాయణబాబు (1906–1961) ‘ఫిడేలు నాయుడుగారి వేళ్ళు’ అన్న కవిత రాశారు. కవి నాయుడుగారికంటె ముందే మరణించారు కనుక ఇది మరణానంతర నివాళి కాదు. అయినా శీర్షిక మేరకు చూసినా నివాళి రచయితలు నేర్చుకోవలసింది ఇందులో ఉంది. జనం పిలుచుకొన్న పేరుతోనే కవి ఆయనను పిలిచాడు. బిరుదును గానీ, కంటిచూపును గానీ ఎంచుకోలేదు. పనిచేస్తున్న అంగాన్ని ఎంచుకొన్నాడు. నాదం పుట్టే చోటికి పాఠకుడి దృష్టిని మళ్లించాడు. నివాళి రచయిత ఈ చూపును కుడిచేతి దాకా, కమాను దాకా విస్తరించుకోవచ్చు.

7. రెండు ఆక్షేపాలు:

సంగీతాన్ని మాటల్లో పెట్టడం అసాధ్యం కనుక రికార్డులు వింటే చాలునన్నది మొదటి ఆక్షేపం. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక్కో పక్కన పట్టేది సుమారు మూడు నిమిషాల సంగీతం. గంటల కచేరీలో విస్తరించే రాగాన్ని ఆ కొలతకు కుదించవలసి వచ్చింది. గీరల చప్పుడు మధ్య ఆ మూడు నిమిషాలు వినే కొత్త శ్రోతకు ఏది వినాలో చెప్పేవారు కావాలి. విమర్శ నాదానికి ప్రత్యామ్నాయం కాదు. చెవిని సిద్ధం చేయడం దాని పని.

కథలు లేకపోతే సామాన్యులు కళాకారులను మరచిపోతారన్నది రెండవ ఆక్షేపం. ఇది కొంతవరకు నిజం. కొలువు కథ లేకుంటే చాలామందికి ఆయన పేరే తెలిసేది కాదేమో. కథలను తొలగించాలని ఈ వ్యాసం కోరడం లేదు. కథ పాఠకుణ్ణి నాదం గుమ్మం దాకా తీసుకొనిపోవాలి, గుమ్మం దగ్గరే నిలిపివేయకూడదు అన్నదే అభిప్రాయం.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• ద్వారం వెంకటస్వామినాయుడు స్మృతిరచనలు ప్రధానంగా జీవితఘట్టాలపై ఆధారపడ్డాయి. వాదనగుణ వివరణకు వాటిలో దక్కిన చోటు తక్కువ.

• శోకాన్ని పేరుపెట్టి చెప్పే రూఢి పదబంధాలు స్వశబ్దవాచ్యతా దోషానికి దగ్గరగా ఉన్నాయి. వాద్యకారుడి స్మృతికి తగిన విభావం అతడి నాదమే.

• కృతుల సాహిత్యం తెలిసిన తెలుగు అధ్యాపకులకు, పరిశోధకులకు కమాను విరుపునూ పదవిభాగాన్నీ కలిపి వినే అవకాశం ఉంది. ఈ దిశలో సాహిత్య, సంగీత శాఖల ఉమ్మడి పరిశోధనకు చోటుంది.

• ఒక నివాళిని చదివిన పాఠకుడు ఆ విద్వాంసుడి రికార్డు విన్నప్పుడు ఇంతకుముందు వినని దాన్ని ఒక్కటైనా వినగలగడమే ఆ నివాళి సార్థకతకు ప్రమాణం.

వాయులీనం తన ముందు ఆగిపోయిన గొంతును కొంతసేపు నిలిపి, తనదైన తీరులో తిరిగి పలుకుతుంది. నాయుడుగారు జీవితమంతా చేసిన పని అది. ఆయనను విన్న తరం వెళ్లిపోతున్న ఈ కాలంలో ఆయన విషయంలో అదే పని చేయవలసిన వంతు మనది.