ముందు బొమ్మకు సూది

పిల్లల క్యాన్సర్ వార్డులో తెల్లకోటు లేకుండా తిరిగే మనిషి ఒకరుంటారు. హోదాకి కౌన్సెలరో, సైకాలజిస్టో. పిల్లలకు మాత్రం ఆటలక్క. రక్త క్యాన్సరుకు వెన్నులోంచి నీరు తీసి, అక్కడే మందు ఎక్కించాల్సి వస్తుంది. అందుకు ముందు ఆవిడ ఓ గుడ్డబొమ్మను, సూది లేని సిరంజిని పిల్లాడి చేతికిస్తుంది. వాడే బొమ్మను పక్కకు పడుకోబెట్టి, మోకాళ్లు పొట్టలోకి ముడిచి, నడుం మీద స్పిరిట్ దూది రాస్తాడు.

"చల్లగా ఉంటుందా అక్కా?"

"ఉంటుంది. తర్వాత కాస్త నొప్పి కూడా. ఏడవొచ్చు నాన్నా, కదలకూడదంతే."

అసలు నొప్పే ఉండదని బుకాయించే మనకంటే ఈవిడ వెయ్యిరెట్లు నయం. చికిత్స రెండేళ్లకు పైనే సాగుతుంది. మొదటిరోజే అబద్ధం బయటపడితే వాడు మళ్లీ బల్ల ఎక్కుతాడా?

తల్లిని వార్డులోకి రానివ్వని కాలమూ ఉండేది. బ్రిటన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో, ఆసుపత్రిలో ఒంటరైన రెండేళ్ల పాప మీద సినిమా తీసి చూపిస్తే చాలామంది డాక్టర్లకు మింగుడుపడలేదు. తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వాలని, ఆసుపత్రుల్లో పిల్లల బాగోగులపై అక్కడ వచ్చిన ప్లాట్ నివేదిక 1959లో చెప్పింది.

మన దగ్గర తల్లి మంచం పక్కనే చాప పరుస్తుంది. కాబట్టి ఆటలక్క పనిలో సగం అమ్మలతోనే. "ఏ జన్మలో ఏం పాపం చేశానో" అని పిల్లాడి ఎదుటే ఏడిచే తల్లిని వరండాలోకి తీసుకెళ్లి, ఇది ఎవరి తప్పూ కాదని, అంటుకునేది కాదని, తోబుట్టువుల్ని దూరం పెట్టొద్దని ఓపిగ్గా చెబుతుంది. మర్నాడు అదే మాట తండ్రికి, ఆపైన ఊరినుంచి వచ్చిన నాయనమ్మకి.