భాగం - 7: ఏ ప్రతిని చూశారు? సంగీతకారుల జీవిత చిత్రాలు – కూర్పులు, వీడియో ప్రతులు

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తర్వాత మీరు:
- ఒకే చలనచిత్రానికి వేర్వేరు కూర్పులు, ప్రతులు ఎందుకు ఏర్పడతాయో వివరించగలుగుతారు.
- ‘అమేడియస్’ చిత్రపు రెండు కూర్పులను పోల్చి మీ అభిప్రాయం చెప్పగలుగుతారు.
- త్యాగయ్య జీవిత చిత్రాల్లో పాటను కత్తిరిస్తే కథకు కలిగే నష్టాన్ని గుర్తించగలుగుతారు.
- విమర్శ రాసే ముందు మీరు చూసిన ప్రతిని పరీక్షించగలుగుతారు.

7.1 పరిచయం

త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. కంభానికి దగ్గరలో, అర్ధవీడు మండలంలో కాకర్ల అనే ఊరు ఉంది. ఆయన పూర్వీకులు ఈ ప్రాంతం నుంచే తంజావూరు సీమకు తరలివెళ్లారని చెబుతారు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల విద్యార్థులకు ఆయన ఒక విధంగా మన ఊరివాడే. ఆయన జీవితం తెలుగులో రెండు ప్రసిద్ధ చిత్రాలైంది. మొదటిది చిత్తూరు నాగయ్య నటించి, దర్శకత్వం వహించి, నిర్మించిన ‘త్యాగయ్య’ (1946). రెండోది బాపు దర్శకత్వంలో జె.వి. సోమయాజులు నటించిన ‘త్యాగయ్య’ (1981). ఈ రెంటినీ నేటి విద్యార్థి థియేటరులో చూడడు. డిస్కులోనో, టీవీలోనో, ఫోనులోనో చూస్తాడు. అప్పుడు అతను చూస్తున్నది దర్శకుడు పూర్తిచేసిన చిత్రమేనా?

ఈ ప్రశ్న నాకు ఒక పొరపాటు వల్ల తట్టింది. మార్కాపురంలో జరిగిన ఒక ఆదివారం తరగతిలో జీవిత చిత్రాల గురించి చెబుతూ, ‘అమేడియస్’ చివర మొజార్ట్ భార్య శాలియేరి మీద చూపే కోపానికి చిత్రంలో తగిన కారణం లేదనీ, అది కథనంలోని లోపమనీ అన్నాను. పలకల కార్ఖానాలో పనిచేస్తూ డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థి లేచి, “సార్, ఆమెకు జరిగిన అవమానం సినిమాలోనే ఉంది కదా” అన్నాడు. లేదని గట్టిగా వాదించాను. తర్వాత తెలిసింది, నేను చూసినది 1984 నాటి కూర్పు, అతను చూసినది 2002 నాటి కూర్పు. మా ఇద్దరి మాటా నిజమే. తప్పు మాత్రం నాదే. ఏ కూర్పును చూశానో చెప్పకుండా చిత్రం మొత్తం మీద తీర్పు చెప్పాను.

7.2 పాఠాంతరం అనే భావన

సాహిత్య విద్యార్థులకు పాఠాంతరం కొత్త మాట కాదు. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను సేకరించినప్పుడు ఒకే పద్యం ఒక్కో తాటాకు ప్రతిలో ఒక్కో రకంగా కనిపించింది. ఆయన పండితుల చేత ప్రతులను సరిపోల్చి చూపించాడు. 1829లో వచ్చిన ఆయన వేమన సంపుటి వెనుక ఆ శ్రమ ఉంది. లేఖకుడి చేతిలో పద్యం మారినట్లే కూర్పరి చేతిలో, పంపిణీదారు చేతిలో, డిస్కు తయారీదారు చేతిలో చలనచిత్రం మారుతుంది.

ఇక్కడ రెండు మాటలను వేరుగా వాడుకుందాం. దర్శకుడు, నిర్మాత తెలిసి తీసుకున్న నిర్ణయంతో చిత్రానికి వచ్చిన రూపం ‘కూర్పు’. మన పాత చిత్రాల టైటిల్స్‌లో ఎడిటింగును ఈ మాటతోనే సూచించేవారు. ఆ కూర్పు మన చేతికి వచ్చిన భౌతిక రూపం ‘ప్రతి’. ఫిల్ము రీళ్లు, వీడియో క్యాసెట్టు, వీసీడీ, డీవీడీ, టీవీ ప్రసారం, అన్నీ ప్రతులే. కూర్పులో వచ్చిన మార్పు కళాకారుడి ఆలోచన. ప్రతిలో వచ్చిన మార్పు చాలాసార్లు వ్యాపారి అవసరం, లేదా కాలం చేసిన గాయం. విమర్శకుడు మొదటిదాన్ని తూచాలి. రెండోదాన్ని గుర్తించి పక్కన పెట్టాలి.

7.3 రెండు కూర్పుల చిత్రం: ‘అమేడియస్’

పీటర్ షాఫర్ తన నాటకం ఆధారంగా స్క్రీన్‌ప్లే రాయగా మిలోష్ ఫోర్మన్ దర్శకత్వం వహించిన ఈ చిత్రం 1984లో విడుదలై, ఉత్తమ చిత్రంతో సహా ఎనిమిది ఆస్కార్ అవార్డులు పొందింది. నిడివి 160 నిమిషాలు. 2002లో దాదాపు 20 నిమిషాలు చేర్చి ‘దర్శకుని కూర్పు’ పేరుతో 180 నిమిషాల చిత్రాన్ని విడుదల చేశారు. ఆ తర్వాత చాలా ఏళ్లు డీవీడీ, బ్లూరే డిస్కుల్లో ప్రధానంగా దొరికింది ఈ రెండోదే. ఆస్కార్లు గెలిచిన అసలు కూర్పు పునరుద్ధరణ పొంది 2025లో 4కె డిస్కుగా వచ్చింది. నడుమ ఒక తరం విద్యార్థులు రెండో కూర్పునే ‘అమేడియస్’ అనుకొని పెరిగారు.

ముఖ్యమైన తేడా ఒక ఘట్టంలో ఉంది. భర్తకు ఉద్యోగం ఇప్పించమని కాన్‌స్టాంజ్ రహస్యంగా శాలియేరి దగ్గరకు వస్తుంది. మొజార్ట్ రాతప్రతులు చూపిస్తుంది. ఒక్కో కాగితం తిప్పుతుంటే ఒక్కో సంగీతం మనకు వినిపిస్తుంది. దిద్దుబాటు లేని ఆ రాతను చూసి శాలియేరి నిశ్చేష్టుడవుతాడు. 1984 కూర్పులో అతను ఆమెను అక్కడే వదిలి వెళ్లిపోతాడు. వెంటనే శిలువను మంటలో వేసే దృశ్యం వస్తుంది. 2002 కూర్పులో ఈ రెంటి నడుమ మరో కథ ఉంది. సాయానికి మూల్యంగా రాత్రి ఒంటరిగా రమ్మంటాడు. ఆమె వస్తుంది, దుస్తులు విప్పుతుంది. అప్పుడు అతను గంట మోగించి, పనివాడిని పిలిచి ఆమెను బయటికి పంపమంటాడు.

ఈ చేర్పు వల్ల చిత్రం చివర ఒక మాటకు అర్థం దొరుకుతుంది. మరణశయ్య మీదున్న భర్త పక్కన శాలియేరిని చూసి, సాగనంపడానికి మా ఇంట పనివాళ్లు లేరని కాన్‌స్టాంజ్ అంటుంది. 1984 కూర్పులో అది ఉత్త ఎత్తిపొడుపు. 2002 కూర్పులో ఆ రాత్రి అవమానానికి బదులు. ఆ విద్యార్థి చెప్పింది ఇదే.

అయితే రెండో కూర్పే మెరుగైనదా? నా అభిప్రాయంలో కాదు. శాలియేరి పగ మొజార్ట్ మీద కన్నా దేవుడి మీద ఎక్కువ. ఇంతటి సంగీతాన్ని ఒక అల్లరి కుర్రాడికి ఇచ్చి, భక్తుడినైన నాకు దాన్ని గుర్తించే చెవి మాత్రమే ఎందుకిచ్చావన్నది అతని ఫిర్యాదు. రాతప్రతుల నుంచి నేరుగా శిలువ దహనానికి వెళ్లినప్పుడు ఆ ఫిర్యాదు సూటిగా తగులుతుంది. నడుమ ఒక స్త్రీని అవమానించే దృశ్యం వస్తే అతను సామాన్య ప్రతినాయకుడిగా చిన్నబోతాడు. కాన్‌స్టాంజ్ పాత్ర నిండుగా కావాలంటే 2002 కూర్పు, శాలియేరి విషాదం పదునుగా కావాలంటే 1984 కూర్పు. మీ తీర్పు నా తీర్పుకు భిన్నంగా ఉండవచ్చు. ఏ కూర్పు గురించి మాట్లాడుతున్నారో మాత్రం మొదటి పేరాలోనే చెప్పాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
‘కూర్పు’, ‘ప్రతి’ అనే మాటల మధ్య భేదాన్ని ‘అమేడియస్’ ఆధారంగా ఐదు వాక్యాల్లో రాయండి.

7.4 త్యాగయ్య చిత్రాలు: చరణం పోతే ఏం పోతుంది?

మామూలు చిత్రంలో పాటను తీసేసినా కథ నడవవచ్చు. అందుకే నిడివి తగ్గించాలనుకున్న వారి చేయి ముందుగా పాట మీదికే పోతుంది. టీవీ ప్రసారాల్లో ప్రకటనలకు చోటు కావలసి వచ్చినా ఇదే జరుగుతుంది. కాని వాగ్గేయకారుడి జీవితంలో కీర్తనే సంఘటన. దాన్ని తీసేస్తే జీవితంలోంచి ఒక రోజును తీసేసినట్లే.

‘నిధి చాల సుఖమా’ అనే కల్యాణి రాగ కీర్తన చూడండి. తంజావూరు రాజు శరభోజీ పంపిన ఆహ్వానాన్ని, కానుకలను త్యాగయ్య తిరస్కరించిన సందర్భంతో సంప్రదాయం దీన్ని ముడిపెడుతుంది. పల్లవి ధనాన్ని, రాముడి సన్నిధి సేవను పక్కపక్కన పెట్టి ఏది సుఖమని మనసును అడుగుతుంది. అనుపల్లవి రుచులను పోలుస్తుంది. మానవులను పొగడడమా, దైవాన్ని కీర్తించడమా అన్న ప్రశ్న చరణంలో గాని రాదు. ‘త్యాగరాజ’ అనే ముద్ర కూడా అక్కడే ఉంది.

ఇప్పుడు ఒక ప్రతిలో పల్లవి, అనుపల్లవి ఉంచి చరణం కత్తిరించారనుకోండి. పాట వినబడుతుంది, రాగం తెలుస్తుంది, ప్రేక్షకుడికి లోటు తోచదు. కాని కథ మారిపోతుంది. చరణంతో విన్నవాడికి త్యాగయ్య నరస్తుతి చేయనన్న కవి, పోతన వంశంలోని వాడు. చరణం లేకుండా విన్నవాడికి డబ్బు వద్దన్న మంచి మనిషి మాత్రమే. రాజును పొగడను అనే మాట రాజకీయమైనది. ధనం వద్దు అనే మాట వ్యక్తిగతమైనది. ఒకటిన్నర నిమిషం కత్తెర ఈ తేడాను చెరిపేస్తుంది. పైగా కృతికర్త సంతకం కూడా పోతుంది. జీవిత చిత్రంలో ఇంతకన్నా విడ్డూరం ఏముంటుంది?

కత్తెర ఒకటే అయినా రెండు చిత్రాలకూ దెబ్బ ఒకేలా తగలదు. నాగయ్య తన పాత్రకు తానే పాడాడు. ఆ చిత్రంలో గొంతు, ముఖం ఒకరివే. స్వరం నిలిపిన చోట కళ్లు మూసుకోవడం కూడా పాటలో భాగమే. పాటను తగ్గిస్తే నటనను తగ్గించినట్లే. బాపు చిత్రంలో శరీరం సోమయాజులుది, గొంతు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానిది, సంగీతం కె.వి. మహదేవన్‌ది, మాట ముళ్లపూడి వెంకటరమణది. వీటన్నిటినీ కలిపేది చిత్రకారుడైన బాపు గీసిన చట్రం. అక్కడ చట్రం దెబ్బతింటే ముందుగా నష్టపోయేది దర్శకుడే. చెడ్డ ప్రతిలో నాగయ్యకు చెవి వైపు నుంచి, బాపుకు కంటి వైపు నుంచి అన్యాయం జరుగుతుంది.

7.5 వీడియో ప్రతులు: నిడివి, శ్రుతి, చట్రం

(అ) నిడివి: 35 మి.మీ. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ముడి ఫిల్ము కొరత వల్ల ప్రభుత్వం చిత్రాలకు 11,000 అడుగుల పరిమితి పెట్టింది. అంటే సుమారు 122 నిమిషాలు. నిడివిని నిర్ణయించేది ఎప్పుడూ కళే కాదని దీన్నిబట్టి గ్రహించాలి. వీసీడీ కాలంలో ఒక డిస్కులో దాదాపు 74 నుంచి 80 నిమిషాలే పట్టేవి. రెండు డిస్కులు దాటే చిత్రానికి మూడోది కావాలి. ఆ ఖర్చు మిగుల్చుకోవాలన్న ఆశ పాటల మీద పడే అవకాశం ఎప్పుడూ ఉండేది.

(ఆ) శ్రుతి: ఫిల్ము సెకనుకు 24 చట్రాలతో నడుస్తుంది. మన దేశపు పాల్ పద్ధతి వీడియో సెకనుకు 25 చట్రాలది. చాలా ప్రతుల్లో ఫిల్మును ఆ వేగానికే నడిపి వీడియో చేశారు. అప్పుడు 160 నిమిషాల చిత్రం 154 నిమిషాల లోపే ముగుస్తుంది. ఒక్క దృశ్యమూ పోదు. నిడివి తగ్గింది కనుక కత్తిరించారని తేల్చేయడం పొరపాటు. కాని వేగంతో పాటు శ్రుతి కూడా పెరుగుతుంది. సరిచేయకపోతే ఒక స్వరస్థానం నుంచి పక్క స్వరస్థానానికి ఉన్న దూరంలో దాదాపు 70 శాతం పైకి జరుగుతుంది. ఒకటి శ్రుతిలో పాడినది ఒకటిన్నరకు చేరువగా వినిపిస్తుంది. స్వరాల మధ్య దూరాలు మారవు కనుక రాగం చెడదు. చెడేది గొంతు స్వభావం. గంభీరంగా, నిదానంగా పాడిన గొంతు పలచబడి, తొందరపడినట్లు వినిపిస్తుంది. అది విని గాయకుడికి స్థాయి లేదని రాస్తే ఆ మాట యంత్రానికి చెందాలి, గాయకుడికి కాదు.

(ఇ) చట్రం: 1940ల చిత్రాల చట్రం దాదాపు చదరం. వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు మాత్రమే. నేటి టీవీ తెర వెడల్పు 1.78 రెట్లు. తెర నిండాలని చిత్రాన్ని పెద్దది చేస్తే పైనా కిందా కలిపి దాదాపు నాలుగో వంతు పోతుంది. తంబుర తల, తాళం వేసే చేయి కనబడవు. మరికొన్ని ప్రతుల్లో కత్తిరించకుండా పక్కలకు సాగదీస్తారు. అప్పుడు మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తారు.

7.6 విమర్శకుడు చేయవలసిన పని

మీకు ప్రయోగశాల అవసరం లేదు. చెవి, గడియారం, కాగితం చాలు. చిత్రం మొదట్లో సెన్సారు ధ్రువపత్రం కనిపిస్తే ఆపి చదవండి. దానిలో చిత్రం పొడవు ఉంటుంది. అడుగుల్లో ఉంటే 90తో, మీటర్లలో ఉంటే 27.4తో భాగిస్తే నిమిషాలు వస్తాయి. మీ ప్రతి నిడివితో పోల్చండి. తేడా నూటికి నాలుగు వంతుల దగ్గర ఉంటే అది వేగం వల్ల కావచ్చు. అంతకు మించితే కత్తెరను అనుమానించండి. తర్వాత ప్రతి కీర్తనలో ముద్ర వినబడిందో లేదో గుర్తు పెట్టుకోండి. వినబడకపోతే చరణం పోయిందా, లేక దర్శకుడే అక్కడ పాటను ఆపాడా అని ఆలోచించండి. మాట మధ్యలో తాళం తెగితే, ముఖంలో భావం హఠాత్తుగా మారితే అది సాధారణంగా ప్రతి లోపం. పాట మీదుగా సంభాషణ మొదలై నెమ్మదిగా మరో దృశ్యం వస్తే అది కూర్పరి నిర్ణయం.

ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. నాగయ్య చిత్రం నిదానమనీ, గొంతు పలచననీ ఒక పాడైన ప్రతిని చూసి మీరు రాస్తే, మీ తర్వాతి విద్యార్థి చిత్రం చూడకుండా మీ మాటనే రాస్తాడు. ఆయన 1973లోనే కన్నుమూశాడు, వచ్చి సమాధానం చెప్పుకోలేడు. ఆ చిత్రం తరఫున మాట్లాడగలిగేది సరైన ప్రతి ఒక్కటే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
మీకు దొరికిన ఒక త్యాగయ్య చిత్రంలో ఏదైనా ఒక కీర్తనను ఎంచుకోండి. పల్లవి, అనుపల్లవి, చరణం, ముద్ర ఎంతవరకు ఉన్నాయో రాసి, దానివల్ల ఆ ఘట్టం అర్థం ఎలా మారిందో వివరించండి.

7.7 సారాంశం

ఒకే చిత్రానికి పలు కూర్పులు, ఒకే కూర్పుకు పలు ప్రతులు ఉండవచ్చు. ‘అమేడియస్’ రెండు కూర్పులు ఒకే కథను చెబుతూనే శాలియేరిని ఇద్దరు వేర్వేరు మనుషులుగా చూపుతాయి. వాగ్గేయకారుల జీవిత చిత్రాల్లో కీర్తనే కథ కనుక, చరణం పోతే జీవితంలోని ఒక నిర్ణయానికి కారణం పోతుంది. వీడియో ప్రతుల్లో నిడివి, శ్రుతి, చట్రం మారతాయి. వాటిని కళాకారుల లోపాలుగా లెక్కించకూడదు. ఏ ప్రతిని చూశామో చెప్పడం విమర్శలో మొదటి వాక్యం కావాలి.

7.8 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ‘అమేడియస్’ 1984, 2002 కూర్పులను పోల్చి, మీ దృష్టిలో ఏది మెరుగైనదో సకారణంగా చర్చించండి.
2. వాగ్గేయకారుల జీవిత చిత్రాల్లో పాటల కత్తిరింపు కథను ఎలా మారుస్తుంది?

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పాఠాంతరం
2. పాల్ వేగం వల్ల శ్రుతిలో వచ్చే మార్పు
3. నాగయ్య, బాపు చిత్రాల్లో గొంతుకు, చట్రానికి ఉన్న స్థానం