ఎలీసా చెప్పేది, నిమ్మ మొక్క చెప్పేది

ట్రిస్టెజా వైరస్‌ను గుర్తించడానికి ఎలీసా వచ్చాక సూచిక మొక్కల అవసరం తీరిందని కొన్ని పుస్తకాల్లో చదువుతారు. ఈ అభిప్రాయాన్ని మీరు యథాతథంగా అంగీకరించనక్కరలేదు. కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ సేకరణలో మాదిరిగా వందలాది నిమ్మజాతి రకాలున్నచోట ఎలీసా తప్పనిసరే. వైరస్ ఉన్నదీ లేనిదీ త్వరగా చెబుతుంది. కాని ఆ వైరస్ తెగ ఎంత తీవ్రమైనదో సాధారణ ఎలీసా తేల్చదు. అనుమానమున్న చెట్టు మొగ్గను నిమ్మ (మన కాగ్జీ నిమ్మే!) మొక్కకు అంటుకట్టి చూడండి. ఈనెల వెంట లేత చారలు, దొప్పలా ముడుచుకున్న ఆకులు, బెరడు ఒలిస్తే కాండంపై గుంటలు - తీవ్రత అక్కడ తెలుస్తుంది. ఇందుకు నెలలు పడుతుంది, నిజమే. పైగా వైరస్ చెట్టంతటా సమానంగా ఉండదు, మండుటెండల్లో తగ్గుతుంది. మే నెలలో ఒక్క కొమ్మ నమూనాలో వైరస్ కనబడలేదని ఆ చెట్టు మొగ్గలను నర్సరీలకు పంచితే, తెగులు రైతు తోటకు చేరవచ్చు.