ఎస్ఎంపీఎస్‌తో మొదలైన జాబితా

మొదటిసారి గేమింగ్ కంప్యూటర్ కట్టించుకునే కుర్రాళ్ల జాబితాలు చాలా చూశాను. దాదాపు అన్నీ గ్రాఫిక్స్ కార్డుతో మొదలవుతాయి. డబ్బు అక్కడే అయిపోతుంది కాబట్టి, చివరికి, లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ విషయంలో క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చేదానితో సరిపెట్టుకుంటాయి. విజయనగరంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా అక్క కొడుకు రాసుకున్న జాబితా మాత్రం తలకిందులుగా ఉంది. మొదటి వరుసలోనే ఎస్ఎంపీఎస్! వాడు కట్టిన పెట్టె పైకి మామూలుగా కనిపిస్తుంది. రంగుల లైట్లు లేవు, అద్దపు తలుపు లేదు. పక్క రేకు విప్పితే అసలు పనితనం బయటపడుతుంది.

ఆ పనితనం ఏ తరహాదో ముందు చెప్పాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణను ఒకే పనస మొద్దు నుంచి తొలిచి తీస్తారు. కొయ్య కాస్త మొండికేసినా ఉలితో దారికి తెచ్చుకోవచ్చు. కంప్యూటర్ కట్టేవాడికి ఆ వీలు లేదు. ముక్కలన్నీ ఎక్కడెక్కడో తయారై వస్తాయి. దేన్నీ గీకలేడు, సాగదీయలేడు. ఏ ముక్క పక్కన ఏ ముక్క పెట్టాలో తేల్చుకోవడమే వాడి కళంతా. బడ్జెట్ తక్కువైన కొద్దీ ఆ కళకు పరీక్ష పెరుగుతుంది.

ఎస్ఎంపీఎస్ ముందెందుకు? మన ఉత్తరాంధ్ర కరెంటు తెలిసినవాళ్లకు వేరే జవాబు అక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మన మీద పడ్డాయి. స్తంభాలు కూలి ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి. అంత పెద్ద తుపాను రాకపోయినా, ఈదురుగాలి కొట్టిన ప్రతి సాయంత్రం కరెంటు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. వేసవిలో లోవోల్టేజీ సరేసరి. గోడ నుంచి వచ్చే ఆ కరెంటుకీ, లోపలున్న సున్నితమైన చిప్పులకీ మధ్య నిలబడేది ఎస్ఎంపీఎస్ ఒక్కటే. అది నాసిరకమైతే పోతూ పోతూ మదర్‌బోర్డునీ కార్డునీ కూడా వెంట తీసుకుపోగలదు.

వాడు ఎంచుకున్నది 550 వాట్లది. పెద్ద అక్షరాల్లో ఉన్న ఆ అంకెను నమ్మి కొనలేదు; లేబుల్ మీద సన్నగా రాసి ఉండే పట్టిక చదివాడు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా తీసుకునేది 12 వోల్టుల కరెంటు. ఆ గడిలో 45 ఆంపియర్లని ఉంది. గుణిస్తే 540 వాట్లు. అంటే చెప్పిన సామర్థ్యం దాదాపు అంతా అక్కరకొచ్చే చోటే ఉంది. పైన 450 అని వేసుకుని, 12 వోల్టుల దగ్గర అందులో సగం కూడా ఇవ్వలేనివి బజారులో దొరుకుతున్నాయి. తరువాత చూసింది ఇన్‌పుట్: 100 నుంచి 240 వోల్టులు. మన సరఫరా 230 నుంచి బాగా కిందికి జారినా తట్టుకునే రకం. 80 ప్లస్ బ్రాంజ్ ముద్రకు విలువ ఇచ్చాడు కానీ, ఆ ముద్ర గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత శాతం వేడిగా వృథా కాకుండా లోపలికి చేరుతుందో మాత్రమే చెబుతుందని వాడికి తెలుసు. అది మన్నికకు హామీ కాదు. మన్నిక కోసం లోపలి పెద్ద కెపాసిటర్ 105 డిగ్రీలకు తగినదా, 85 డిగ్రీలదా అని ఆరా తీశాడు. కెపాసిటర్‌కు తగిలే వేడి 10 డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు ఇంచుమించు రెట్టింపవుతుంది.

ఆ కెపాసిటర్ చేసే పని చూస్తే ముచ్చటేస్తుంది. గోడలో కరెంటు తెగిన క్షణం నుంచి అది దాచుకున్న శక్తితోనే యంత్రం నడవాలి. ఆ వ్యవధి సుమారు 16, 17 మిల్లీసెకన్లు ఉండాలని ప్రమాణం. సెకనుకు 60 ఫ్రేముల లెక్కన ఆడే ఆటలో ఒక్కో బొమ్మ తెర మీద నిలిచేదీ 16.7 మిల్లీసెకన్లే. అంటే ఆటలో ఒక బొమ్మ మారేంత సేపట్లో ఇన్వర్టర్ అందుకోవాలి. అందుకే వాడు ఇంట్లో ఇన్వర్టర్‌ను యూపీఎస్ మోడ్‌లోకి మార్చాడు. చాలా ఇన్వర్టర్లకు ఆ మీట ఉంటుంది. మామూలు మోడ్‌లో అవి ఇంకా నింపాదిగా అందుకుంటాయి. ఎర్తింగ్ కూడా ఎలక్ట్రీషియన్‌తో చూపించాడు. గేమింగ్ కంప్యూటర్ జాబితాలో ఎర్తింగ్ అనే మాట నేను చూడడం అదే మొదలు.

ప్రాసెసర్ రైజెన్ 5 5600. 2022 ఏప్రిల్‌లో వచ్చింది, కాబట్టి కొత్తది కాదు. ఆరు కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్లు. కూలర్ డబ్బాలోనే వస్తుంది. అది కూర్చునే ఏఎం4 సాకెట్ 2016 నాటిదైనా 2024లో కూడా దానికి కొత్త ప్రాసెసర్లు విడుదలయ్యాయి. రేపు డబ్బు సమకూరితే బోర్డు మార్చకుండానే పైమెట్టు ఎక్కవచ్చు. బోర్డు చవకైన బీ450. పాత స్టాకు బోర్డయితే బయాస్ అప్‌డేట్ లేకుండా ఈ ప్రాసెసర్‌ను గుర్తించదు. ఆ సంగతి కొనకముందే దుకాణంలో అడిగి తేల్చుకున్నాడు.

ఈ బోర్డుకు తగిన కార్డును వెతకడంలో వాడి చూపు నాకు బాగా నచ్చింది. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ చవక. కానీ అది బోర్డుతో నాలుగు లేన్ల (డేటా దారుల) మీదే మాట్లాడుతుంది. బీ450లో ఆ లేన్లు పాత తరం వేగానివి. పైగా కార్డు మెమరీ 4 జీబీ. ఈ రెండూ కలిస్తే పెద్ద ఆటల్లో తడబాటు తప్పదు. ఆర్ఎక్స్ 6600కు ఎనిమిది లేన్లు, 8 జీబీ మెమరీ. పాత బోర్డు మీద కూడా పెద్దగా నష్టపోదు. తినేది 132 వాట్లు. మొత్తం కలిపినా 300 వాట్ల లోపే కాబట్టి 550 వాట్ల ఎస్ఎంపీఎస్ సగం బరువుతో చల్లగా నడుస్తుంది. మానిటర్ 1080పీ. అంటే దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు. 4కే తెరకు దానికి నాలుగు రెట్లు గీయాలి. ఈ కార్డుకు ఆ బరువు వద్దు. ఎస్ఎంపీఎస్, బోర్డు, కార్డు, తెర నాలుగూ ఒకదాన్ని చూసి ఒకటి ఎంచినవే.

ర్యామ్ 16 జీబీ ఒకే కడ్డీగా కాకుండా 8 చొప్పున రెండు తీసుకున్నాడు. ప్రాసెసర్ పక్క నుంచి లెక్కిస్తే రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాడు. అప్పుడే ప్రాసెసర్‌కూ మెమరీకీ మధ్య ఉన్న రెండు దారులూ తెరుచుకుంటాయి. బయాస్‌లోకి వెళ్లి వేగాన్ని 3200కు పెంచాడు. అలా పెంచకపోతే చాలా కడ్డీలు అంతకన్నా తక్కువ వేగంతోనే నడుస్తూ ఉంటాయి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి కాబట్టి, కొన్న కడ్డీల నుంచి పూర్తి పని రాబట్టుకోవడం ఇప్పుడు మరీ అవసరం. ఎస్ఎస్‌డీ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పెద్ద ఆటలు ఒక్కొక్కటి 100 జీబీ దాటుతున్నాయి, ఆ లెక్కన కొనుక్కోవడమే.

ఇక చేతి పని. బోర్డు కింద ఇత్తడి పిల్లర్లన్నీ రంధ్రాలకు సరిగ్గా ఎదురుగా ఉన్నాయి. ఒక్కటి తప్పుచోట ఉన్నా వెనక టంకాలకు తగిలి షార్టవుతుంది. వైర్లన్నీ బోర్డు వెనక నుంచి తీసి, పట్టీలతో కట్టి, అవసరమైన చోటే ముందుకు తెచ్చాడు. క్యాబినెట్ ముందు భాగం జాలీ. ఫ్యాన్లు ముందు నుంచి గాలి పీల్చి వెనక నుంచి వదులుతాయి. మధ్యలో ఒక్క వైరూ అడ్డం లేదు. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరపు ఊళ్లలో ఉండేవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. ఉప్పుగాలి, తేమ లోహాన్ని తినేస్తాయి. సముద్రం వైపు తెరిచిన కిటికీ పక్కన క్యాబినెట్ పెట్టకూడదు, నెలల తరబడి ఆపి ఉంచకూడదు.

కొన్ని ముక్కలు విశాఖలో, కొన్ని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నాడు. ప్రతిదానికీ సీరియల్ నంబరు రాసిన బిల్లు తీసుకున్నాడు. 2022 సెప్టెంబరులో ఎథీరియం మైనింగ్ ఆగిపోయాక, రాత్రింబవళ్లు పనిచేసిన కార్డులు సెకండ్ హ్యాండ్ బజారుకు గుట్టలుగా వచ్చాయి. వాటి జోలికి వాడు పోలేదు.

పిల్లలకు మొదటి గేమింగ్ కంప్యూటర్ కొనిస్తున్న శ్రీకాకుళం, విజయనగరం తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. వాళ్లు తెచ్చిన జాబితాలో ఎస్ఎంపీఎస్ ఎదురుగా కంపెనీ పేరు, 12 వోల్టుల ఆంపియర్లు రాసి ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే డబ్బు ఇవ్వకముందే ఆ వరుస రాయించండి.