ఐలమ్మ యెవరి సొత్తు?

నర్మెట్టయు పాలకుర్తియు నేడు జనగామ జిల్లాలోనివి. నిజాము పాలనమున జనగామ తాలూకా నల్లగొండ జిల్లాకు చేరియుండెను. విసునూరు దేశముఖు మాటయే శాసనమై చెల్లిన ఆ సీమలో, పాలకుర్తియందొక రజకకుటుంబపు స్త్రీ తాను కౌలునకు తీసికొని పండించిన పంటను దేశముఖు మనుష్యుల పాలు గానీయక యిల్లు చేర్చుకొనెను. ఆమెయే చిట్యాల ఐలమ్మ. 1985లో ఆమె కీర్తిశేషురాలయ్యెను. అప్పటినుండి ఆమెను గూర్చి వెలువడిన గ్రంథములును ప్రసంగములును పెక్కు. వెలసిన విగ్రహములును పెక్కు. కాని యా వ్రాతలను వరుసగా చదివినవారి కొక సందేహము కలుగక మానదు: వీరందఱు చెప్పుచున్నది ఒక్క మనిషిని గూర్చియేనా?

విశ్వవిద్యాలయములలో నేడు ‘అస్తిత్వ రాజకీయములు’ అను మాట మిక్కిలి వినబడుచున్నది. కులము, మతము, ప్రాంతము, స్త్రీత్వము మొదలగు వానినిబట్టి అవమానింపబడినవారు ఆ గుర్తునే చేతబట్టుకొని హక్కుల నడుగుటకు ఈ పేరు. 1977లో అమెరికాలోని బోస్టను నగరమున ‘కాంబాహీ రివర్ కలెక్టివ్’ అను నల్లజాతి స్త్రీల సంఘము తన ప్రకటనలో ఈ మాటను ప్రయోగించెను. నల్లవారి సంఘములలో స్త్రీలగుటచేతను, స్త్రీల సంఘములలో నల్లవారగుటచేతను తమ గోడు వినువారు లేకపోయిరని వారి మొఱ. దీనిని మన పండితులలో కొందఱు విముక్తిమార్గమని కొనియాడుచున్నారు. కొందఱు ప్రజల నైక్యము చెడగొట్టు రోగమని నిందించుచున్నారు. ఈ వివాదమును గాలిలో తేల్చుటకంటె ఐలమ్మ పొలము గట్టున నిలిచి తేల్చుట మేలని మేము తలంచితిమి.

మొదటివారు వర్గవాదులు. పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో వెలువరించిన తెలంగాణా పోరాటచరిత్ర వీరికి మూలగ్రంథము. వెట్టిచాకిరిని గూర్చి దానియందున్నంత వివరము అన్యత్ర దొరకుట యరుదు. భూమిగలవానికిని భూమిలేనివానికిని నడచిన పోరులో ఐలమ్మ పేదరైతుల ప్రతినిధి యని వీరు చెప్పుదురు. ఇది సత్యమే. కాని వీరి ననుసరించిన వ్రాతలు పెక్కింటిలో ఆమె కులము ఊరిపేరువలె ఒక్కసారి చెప్పి విడువబడును. అది కథకు కారణమైనట్లు కాక, కథకు అంటుకొన్నట్లు కానవచ్చును.

రెండవవారు కులదృష్టితో చరిత్రను తిరుగ వ్రాయబూనినవారు. 1985లో కారంచేడునందును 1991లో చుండూరునందును జరిగిన హత్యాకాండలు వీరి కలములకు పదును పెట్టినవి. చరిత్ర వ్రాసినవారెవరు, వ్రాయబడక మిగిలినవారెవరు అని వీరడిగిరి. శ్రామికకులముల నేర్పు సైతము విద్యయేయని కంచ ఐలయ్యగారు తమ రచనలలో వాదించిరి. చవుడుమన్నుతో మురికి వదల్చుట కనిపెట్టినవారిది విజ్ఞానము కాదా యను ప్రశ్నకు మేమెఱిగినంతలో ఎవ్వరును సరియైన ప్రత్యుత్తర మీయలేదు. అయినను ఈ పక్షమున చేరిన వక్తలు కొందఱు ఐలమ్మను ఒక్క కులమునకే కులదేవతను జేసి, ఆమె ప్రక్కన నిలిచిన తక్కినవారిని మఱపునకు ద్రోయుచున్నారు.

మూడవవారు స్త్రీలు. 1986లో స్త్రీశక్తి సంఘటనవారు ‘మనకు తెలియని మన చరిత్ర’ యను గ్రంథమును ప్రకటించి, పోరాటమున పాల్గొన్న స్త్రీల చేతనే వారి కథలను చెప్పించిరి. వారిలో ఐలమ్మయు నొకతె. పోరు సాగునంతకాలము స్త్రీలను ఆహ్వానించి, పోరు ముగిసినంతనే వారిని వంటయింటికి మరల్చిరన్న బాధ ఆ పుటలలో పలుమార్లు వినబడును. మా యెఱుకలో ఆమెను గూర్చిన వ్రాతలలో ఇదియే యుత్తమము. ఏలయన ఇందు పండితుడు ఆమెకు బదులుగా మాటాడుట మాని, ఆమె మాటాడుచుండగా విని వ్రాసికొనినాడు.

ఇక మా యభిప్రాయము. వర్గమా, కులమా యను తగవు వెట్టిని సరిగా చూడకపోవుటచే పుట్టినది. దేశముఖు గడీలో వెట్టి యెట్లు పంచబడెడిది? చాకలి బట్టలుదుకవలెను, మంగలి క్షౌరము చేయవలెను, కుమ్మరి కుండ లీయవలెను, మాదిగ చెప్పులు కుట్టి యీయవలెను. కూలి లేదు. అనగా కులమే ఆ గడీ పనులపట్టిక. కులము పనులను పంచుటతో నాగక, పనిచేయువారినే యొకరి కొకరిని వేఱుచేసి మెట్లమీద నిలుపునని డాక్టరు అంబేద్కరు 1936లో వాదించినది ఇచ్చట కన్నులకు గట్టును. గడీకి బట్టలుదుక పుట్టినదని యెంచబడినది తన పొలమున తాను వరి పండించెనేని ఆ పట్టికయే చినుగును. దేశముఖు కోపమునకు మూలమిదియే యని మా విశ్వాసము. కావున ఐలమ్మ పోరు భూమికొఱకని యన్నను, కులముపై నని యన్నను చెప్పునది యొక్కటే. ఒకదానిని విడిచి రెండవదానిని చెప్పినవాడు సగమే చెప్పినవాడు.

అయితే పుట్టుకయే మనిషి పక్షమును నిర్ణయించునా? పంట కోతనాడు ఏమి జరిగెనో చూడుడు. పంటను దోచుటకు మనుష్యులను బంపిన దేశముఖు పేరు రామచంద్రారెడ్డి. దానిని కాపాడుటకు నిలిచిన ఆంధ్రమహాసభ కార్యకర్తలలో ఒకరి పేరు ఆరుట్ల రామచంద్రారెడ్డి. పేరొక్కటే, కులమొక్కటే, నిలిచిన గట్లు వేఱు. పిమ్మట 1946 జూలై 4వ తేదీన కడవెండిలో విసునూరు దేశముఖు మనుష్యుల తుపాకికి నేలకొరిగిన దొడ్డి కొమరయ్య కురుమవాడు. ఐలమ్మ పంటకు వారందఱు తోడైరి. కొమరయ్య మరణమునకు ఊళ్లకు ఊళ్లు లేచినవి. అస్తిత్వము పోరుకు తలుపు కావచ్చును, గోడ కాగూడదు. ఐక్యము పేర అవమానితుని నోరు మూయుటయు తప్పే. అస్తిత్వము పేర తోడువచ్చినవానిని తరుముటయు తప్పే.

పేరు విషయమొకటి మిగిలినది. ఆమె యింటిపేరు చిట్యాల. లోకము పిలుచునది చాకలి ఐలమ్మ యని. గడీవారు హీనముగా పలికిన ఆ మాట నేడు గౌరవముతో పలుకబడుచున్నది. హైదరాబాదులో కోఠియందలి మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టుదుమని 2024 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వము ప్రకటించెను. బ్రిటిషు రెసిడెంటు కాపురమున్న మేడకు చాకలి ఐలమ్మ పేరు! తిట్టుగా విసరిన మాటను కిరీటముగా ధరించుట అస్తిత్వవాదుల విజయమే యని మేమంగీకరించుచున్నాము. కాని రెడ్డిని రెడ్డి యన్నంత సులువుగా చాకలిని చాకలి యనగలమా? ఒక పిలుపు గౌరవమై మఱియొకటి తిట్టయి వినబడునంతకాలము ఆ విజయము సగమే.

ఈ పరీక్షను పండితులకు మాత్రమే విడువరాదు. సంస్కారాభిమానులమైన మన యిండ్లకు నిన్నమొన్నటివఱకు బట్టలమూట గొనిపోవుటకు వచ్చిన స్త్రీ యుండెడిది. నేడు వీథిమలుపున ఇస్త్రీబండి యున్నది. ఆమె పేరేమో, అతని పేరేమో మన బిడ్డలకు తెలియునా? వర్ధంతినాడు విగ్రహమునకు దండవేసి వచ్చి, మఱునాడుదయమున “చాకలిది వచ్చినదా?” యని యడిగినచో, మనము విడువని పట్టిక గడీవారిదే కదా! ఆమెను పేరు పెట్టి పిలుచుటయు, అడుగక ముందే కూలి చేతికిచ్చుటయు చిన్నపనులే. ఐలమ్మ యెవరి సొత్తని వాదించుట కంటె ఆ చిన్నపనులు చేయుట మొదలిడుట యామెకు తగిన గౌరవమని మా మనవి.